మెత్తబడ్డ బూట్లు

ఆ ఉదయం గొడవ పళ్ళు తోముకునే బ్రష్షు దగ్గర మొదలైంది.

అత్తగారు స్నానాలగదిలోంచి బయటికి వచ్చి, చేతిలోని వస్తువును హాల్లో అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుంది. అది ఆవిడ బ్రష్షే. కుచ్చు ఉంది గాని పిడి లేదు. ఎవరో రంపంతో సగానికి కోసేశారు. ఆవిడ రెండు వేళ్ళ మధ్య అది తిరగబడ్డ బొద్దింకలా ఉంది.

“ఎవరమ్మా ఈ ఘనకార్యం చేసింది? నాకింకా చెయ్యి పడిపోలేదు. పిడి ఉన్న బ్రష్షు పట్టుకోగలను.”

చిన్నకొడుకు కాఫీ కప్పు వెనక నవ్వు దాచుకున్నాడు. ఇంట్లో అతన్ని కెప్టెన్ అంటారు. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు. అన్నదమ్ములూ వాళ్ళ భార్యలూ నలుగురూ కలిసి చెయ్యబోయే కొండల యాత్రకి తనే నాయకుడు కాబట్టి అలా పిలవాలన్నాడు, పిలిచారు.

“దూరం నడిచేవాళ్ళంతా అలాగే కోసుకుంటారమ్మా. వారాల తరబడి భుజం మీద మొయ్యాలి. ఆ పిడి బరువూ బరువే.”

“నేనెక్కడికి నడుస్తున్నాన్రా? ఈ మంచం దగ్గర్నుంచి ఆ గదిలోకి. ఆ మాత్రం దానికి నా బ్రష్షు బరువైపోయిందా?”

“నీది కొయ్యమని నేను చెప్పలేదు. నాలుగు కొయ్యమన్నాను. వదిన ఐదూ కోసినట్టుంది.”

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న పెద్దకోడలు అతని మోకాళ్ళ వైపు చూసింది. పంట్లాం మీద తెల్లటి ప్లాస్టిక్ పొడి ఇంకా అంటుకునే ఉంది.

“నేను కొయ్యలేదండీ,” అంది భర్తతో.

పెద్దకొడుకు రొట్టెకి వెన్న రాస్తూ తలెత్తలేదు. “కోశానని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది? పొద్దున్నే పంచాయితీ దేనికి? కిందికెళ్ళి అమ్మకో కొత్తది తెచ్చి ఇవ్వు.”

ఆమె వెళ్ళి తెచ్చింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కుచ్చు గట్టిగా ఉంది, చిగుళ్ళు చీరుకుపోతాయి,” అని పక్కన పడేసింది. రోజంతా ఆ మొండి బ్రష్షు సంగతే ఏకరువు పెట్టింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అయితే ఆవిడ కళ్ళు నోటికన్నా పదునైనవి. వాటికి చిన్నకొడుకు పంట్లాం కనబడకుండా ఉండదు. కనబడినా అనలేదు. ఆ ఇంట్లో ఏ తప్పయినా చివరికి పెద్దకోడలి ఖాతాలో పడటం గోడ గడియారం కొట్టుకున్నంత మామూలు.

ఆ కొండదారి కోరిక అసలు ఆమెది. కాలేజీలో మొక్కల శాస్త్రం చదువుకుంది. ఆ దారిలో ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు ఎలా పొట్టివవుతాయో, చెట్లు ఆగిపోయిన చోట గడ్డి ఎలా మొదలవుతుందో పుస్తకంలో చదివి, ఒక్కసారి నడిచి చూడాలనుకుంది. పెళ్ళయిన కొత్తలో ఆ మాట అంటే భర్త, “ముందు సందు చివరిదాకా ఆయాసపడకుండా నడువు,” అని నవ్వాడు. మరిదీ నవ్వాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి వైద్యుడు మరిదితో, నడవకపోతే గుండెకి మంచిది కాదన్నాడు. వారం తిరక్కుండానే ఆ దారి మరిది ఆలోచన అయి కూర్చుంది. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు, “వదినా, మిమ్మల్ని కూడా తీసుకెళ్తాంలెండి,” అన్నాడు.

తీసుకెళ్తామన్నారు కదా, అదే చాలనుకుంది.

అన్నదమ్ములకి బజార్లో కళ్ళద్దాల కొట్టు ఉంది. వెనక గదిలో పెద్దవాడు అద్దాలు అరగదీస్తాడు. ముందు గదిలో చిన్నవాడు ఫ్రేములు అమ్ముతాడు. పక్క గదిలో చీకటి చేసి చిన్నకోడలు కళ్ళు పరీక్ష చేస్తుంది. పొద్దుపోయేదాకా ముగ్గురికీ ఊపిరాడదు. అందుకే కొత్త బూట్లు వచ్చినరోజు చిన్నకోడలు తన జత తెచ్చి తోడికోడలి ముందు పెట్టింది.

“అక్కా, కొత్త బూట్లతో ఎకాయెకిన కొండెక్కితే కాళ్ళు పుళ్ళయిపోతాయట. ముందు ఇంటిదగ్గర వేసుకుని తిరిగి మెత్తబరచాలట. నాకు తీరికెక్కడిది? మనిద్దరిదీ ఒకే నెంబరు. మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా, మీవి పొద్దున తొడుక్కుని, నావి సాయంత్రం తొడుక్కోండి.”

వాళ్ళుండే భవనానికి లిఫ్టు ఉంది గాని ప్రయాణం అనుకున్ననాటినుంచి ఆమెకి దానితో పని పడలేదు. వీపున సంచీ, సంచీలో బియ్యం మూట, కాళ్ళకి బూట్లు. కింది వాకిట్లోంచి నీళ్ళ ట్యాంకు దాకా ఎక్కడం, మళ్ళీ దిగడం. పొద్దున తన బూట్లు, సాయంత్రం తోడికోడలివి. ఎదురింటావిడ తలుపు తీసి, “ఏమ్మా, ఇవాళ ఎవరి కాళ్ళు?” అని అడిగేది. అత్తగారు హాల్లో కుర్చీ గుమ్మానికెదురుగా వేయించుకుని, “మా పెద్దది సైన్యంలో చేరుతోంది,” అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది.

బూట్లు రాకముందు భర్త పాత జతతో ఎక్కిదిగేది. అవి వదులు. ఎక్కేటప్పుడు ఏమీ తెలిసేది కాదు. దిగేటప్పుడు మాత్రం పాదం ముందుకి జారి ప్రతి మెట్టుకీ వేళ్ళు వెళ్ళి గట్టి తోలుకి కొట్టుకునేవి. బొటనవేలి గోరు నల్లబడి, పాలపన్నులా కదిలి కదిలి ఊడిపోయింది. అప్పుడర్థమైంది ఆమెకి, కొండ ఎక్కడం ఊపిరి పని, దిగడం వేళ్ళ పని.

నెల తిరిగేసరికి కొట్టుకి సెలవైన రోజున అందరూ కలిసి ఊరవతలి గుట్ట ఎక్కారు. నడక అలవాటు చేసుకోవడానికన్నమాట. ఆమె తన నడక తను నడిచింది. ఎవర్నీ దాటాలనుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. పైన రాతి మీద కూర్చుని సంచీలోంచి నారింజపండు తీసి వలుచుకుంటూ ఎదురుచూసింది. చాలాసేపటికి కెప్టెన్ వచ్చాడు, కొలిమి తిత్తిలా రొప్పుతూ. ఆమె పండులో సగం విరిచి అతనికిచ్చింది. అతను తీసుకోలేదు. ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి కొండల్లో అడవి అంటుకుంది.

ముందు టీవీలో కనబడింది. తర్వాత ఊళ్ళోకి పొగ వచ్చింది. సూర్యుడు రాగి బిళ్ళలా తోచడం మొదలైంది. బాల్కనీలో ఆరేసిన దిండు గలీబుల మీద బూడిద పడేది. దాన్ని తుడిస్తే మరక అవుతుంది, దులపాలి. ఆమె రోజుకి రెండుసార్లు గలీబులు దులిపేది. ఒక్కోసారి ఆకారం చెడకుండా కాలిన ఆకు వచ్చి పడేది. ముట్టుకుంటే ఈనెలతో సహా పొడి అయ్యేది. ఆ ఆకు ఏ చెట్టుదో ఆమెకి తెలిసేది. ఏ ఎత్తున పెరుగుతుందో కూడా తెలిసేది. ఇవాళ నిప్పు అక్కడిదాకా ఎక్కిందన్నమాట అనుకునేది.

కొట్టుకి మాత్రం ఎన్నడూ లేని గిరాకీ. ఎర్రబడ్డ కళ్ళతో జనం వరసకట్టారు. చుక్కల మందు సీసాలు తెచ్చినవి తెచ్చినట్టే అయిపోతున్నాయి. “ఇంకో పదిరోజులు మండితే బాగుండు,” అన్నాడు కెప్టెన్ ఒక సాయంత్రం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోడానికి నిప్పడిగినట్టుందని ఆమె అనుకుంది. పైకి అనలేదు.

“అయితే మన ప్రయాణం ఆగిపోయినట్టేనా?” అని మాత్రం అడిగింది.

“కెప్టెన్ ఉండగా ఆగడమేమిటి వదినా? దారి మారుతుంది, అంతే. కనుక్కుంటున్నాను.”

ఆ మాట పట్టుకుని ఆమె రెండురోజులు బతికింది.

మూడోరోజు మధ్యాహ్నం భోజనం క్యారియరు తీసుకుని కొట్టుకి బయల్దేరుతూ, తోడికోడలి బూట్లు కూడా ఒక సంచీలో వేసుకుంది. ఆమెకో అనుమానం పట్టుకుంది. నెంబరు ఒకటే అయినా పాదాలు ఒకటి కావు. తనకి బొటనవేలి పక్క ఎముక బుడిపెలా పొడుచుకొచ్చి ఉంటుంది, పాదం వెడల్పు. చిన్నకోడలి పాదం సన్నం, వేళ్ళు పొడుగు. ఇన్నాళ్ళు తన కాళ్ళకి అలవాటుపడ్డ ఆ బూట్ల తోలు తన బుడిపె దగ్గర ఉబ్బింది, తన మడమకి గుంట పడింది. పైకి మెత్తగా ఉన్నాయి గాని అవి ఇప్పుడు తన బూట్లు. మిగిలిన రోజులైనా స్వయంగా తొడుక్కు తిరగమని, లేదంటే మందపాటి ఊలు సాక్సులు రెండేసి జతలు వేసుకుని లోపలి ఖాళీ నింపుకొమ్మని తోడికోడలికి చెప్పాలనుకుంది. లేకపోతే పాపం గోళ్ళు ఊడిపోతాయి.

ముందు గదిలో ఎవరూ లేరు. నాలుగు గోడలకీ ఫ్రేముల వరసలు, వరసకో అద్దం. ప్రతి అద్దంలోనూ క్యారియరు పట్టుకున్న ఆమే. వెనక గదిలో అద్దాలు అరగదీసే రాయి తిరుగుతున్న చప్పుడు, దాని మీద పడే నీళ్ళ చప్పుడు. పిలుద్దామని నోరు తెరిచేసరికి రాయి ఆగింది. కెప్టెన్ గొంతు వినబడింది.

“అటవీ ఆఫీసువాడు ఖాయంగా చెప్పాడన్నయ్యా. కింద కొస కాలిపోయింది. పై కొస నుంచి దిగడానికి అనుమతిస్తారట, సగం దాకా. పైకి బస్సు వెళ్తుంది. ఎక్కడమే లేదు, వారం పైన అంతా దిగుడే. హాయి.”

“విడిదుల్లో చోటుందా?” భర్త గొంతు.

“చిన్న విడిదులు. అయినా నాలుగు మంచాలూ ఇస్తామన్నారు. కాని నాకో ఆలోచన వచ్చింది. ముగ్గురికే ఇచ్చారని చెబుదాం.”

చిన్నకోడలు నవ్వింది. “అయ్యో, అక్క పాపం ఇన్నాళ్ళనుంచి మెట్లెక్కుతోంది కదా.”

“మెట్లెక్కడికీ పోవు. మనమొచ్చేదాకా ఎక్కమను.” ఈసారి ఇద్దరూ నవ్వారు. “గుట్టమీద చూశారు కదా. ముందు పరిగెత్తుకెళ్ళి రాతిమీద కూర్చుని, నారింజ వలుచుకుంటూ, మనం పాక్కుంటూ వస్తుంటే చూడటం. అన్నాళ్ళు ఆ మొహం ముందు పెట్టుకుని నేను నడవలేను బాబూ.”

ఆమె భర్త జవాబు కోసం ఆగింది. గుడ్డతో అద్దం తుడుస్తున్న చిన్న కీచు చప్పుడు వినబడింది.

“అమ్మ దగ్గర కూడా ఎవరో ఒకరుండాలి కదా,” అన్నాడు చివరికి. “తోడుగా వచ్చి ఉంటానన్న పిన్నికి రానక్కర్లేదని ఫోన్ చేస్తాను.”

“అక్క అడిగితేనో?”

“తనా? అడగదు.” ఇంట్లో ఫ్రిజ్జు బాగా పనిచేస్తోందని చెప్పినట్టు చెప్పాడు. “అడిగే రకం కాదు.”

రాయి మళ్ళీ తిరగడం మొదలైంది. ఆమె క్యారియరు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. బూట్ల సంచీ మాత్రం పెట్టలేదు.

పొమ్మనలేక పొగబెట్టారంటారు. ఈసారి ఆ పొగ పెట్టే శ్రమ కూడా వాళ్ళు పడక్కర్లేకపోయింది. దారి పొడవునా ఆమె కళ్ళు మండాయి. ఊళ్ళో అందరి కళ్ళూ మండుతున్నాయి గనక ఎవరూ ఆమెని ఏమిటని అడగలేదు.

అయినా ఆమె భర్తకి ఒక్క అవకాశం ఇచ్చింది. ఆ సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుని తువ్వాలు అందుకుంటుంటే అడిగింది.

“ఏమండీ, విడిదుల్లో నలుగురికీ చోటు దొరికిందా?”

అతని చెయ్యి తువ్వాలు మీద ఆగింది. ఆమె అడగడమే అతనికి వింత. ఆ వింత తేరుకోవడానికి పట్టినంతసేపు ఆమెకి ఆశ కలిగింది.

“ఏమో, ముగ్గురికే అంటున్నాడు వాడు. రేపు సెలవు కదా, భోజనాల దగ్గర వాడే చెబుతాడులే,” అని మొహం తువ్వాల్లో పెట్టి తుడుచుకున్నాడు. మొహానికి తడి లేదు.

ఆమె సరేనని, వంటిల్లు సర్ది, తోడికోడలి బూట్లు తొడుక్కుంది. బియ్యం మూట వీపునేసుకుని మెట్ల దగ్గరకి వెళ్ళింది. అత్తగారు కుర్చీలోంచి చూసింది.

“ఇవాళ తిరక్కపోతే ఒప్పుకోరా? ఆ బూట్లు మెత్తబడి చచ్చాయి. ఇంకా దేనికే?”

“మొదలెట్టిన పని పూర్తి చెయ్యాలి కదా అత్తయ్యా.”

ఆ సాయంత్రం ఆమె ఎక్కేటప్పుడు లిఫ్టు ఎక్కింది. దిగేటప్పుడు మాత్రమే మెట్లు. మడమలు వెనక్కి నొక్కి, వేళ్ళు విప్పార్చి, బుడిపెని పక్కకి తోస్తూ ప్రతి మెట్టూ గట్టిగా దిగింది. కింద లిఫ్టు ఎక్కి మళ్ళీ పైకి. తోలు కిర్రుమనడం మానేసేదాకా అలాగే చేసింది. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా అత్తగారి మెడ అటు తిరిగేది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఐదుగురూ కూర్చున్నారు. కిటికీలన్నీ మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. పొగ లోపలికి రాలేదు గాని కూరలో కూడా కాలిన వాసన ఉన్నట్టే ఉంది. కెప్టెన్ రెండోసారి వడ్డించుకుని, చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

“అందరూ వినండి. దారి మారింది. పైనుంచి కిందికి నడుస్తాం. ప్రయాణం ఎల్లుండే. ఒక్కటే చిక్కు. విడిదుల్లో ముగ్గురికే చోటిచ్చారు. ఒకరు ఆగాలి. వదినా, మీరే పెద్ద మనసు చేసుకోవాలి.”

“మనసు దానిదీ, పెద్దది చేసేది నువ్వూనా?” అంది అత్తగారు.

“బలవంతమేమీ లేదమ్మా. కావాలంటే ఓట్లు వేసుకుందాం. వదిన ఆగితే బాగుంటుందనుకునేవాళ్ళు చెయ్యెత్తండి.” అని తనెత్తాడు. చిన్నకోడలు నాలుక కొరుక్కుని, “సారీ అక్కా,” అంటూ ఎత్తింది. ఇద్దరూ పెద్దవాడి వైపు చూశారు. అతను పళ్ళెంలో అన్నం కలుపుతూ, చెంచా పళ్ళెంలోంచి కొంచెం పైకి లేపాడు. ఓటు అనుకుంటే ఓటు, ముద్ద అనుకుంటే ముద్ద. కెప్టెన్ ఓటు అనే అనుకున్నాడు.

“అమ్మా, నువ్వు?”

“నా బ్రష్షు కోసినవాడికి నేను ఓటెయ్యను,” అంది ఆవిడ, నీళ్ళు తాగుతూ.

కెప్టెన్ మొహం కొద్దిగా మాడింది. పెద్దకోడలు అందరి వైపూ చూసింది. ఏడుస్తుందేమోనని భర్త బెదురుతున్నాడని తెలిసింది. చేతిగుడ్డ అందుకోబోయి మానేశాడు.

“సరే. నేను ఆగుతాను,” అంది.

అందరి భుజాలూ ఒక్కసారి వదులయ్యాయి. చిన్నకోడలికి మరీ హాయిగా ఉంది. “మీ మనసు వెన్న అక్కా. నా బూట్లు మెత్తబడ్డాయా మరి?”

“వేసుకుని చూసుకో.”

చిన్నకోడలు లేచి వెళ్ళి బూట్లు తెచ్చుకుంది. వాటి లోపల మందపాటి ఊలు సాక్సులు రెండు జతలు చుట్టి పెట్టి ఉన్నాయి. అన్నీ తొడుక్కుని, నున్నటి గచ్చు మీద హాలంతా అటూ ఇటూ నడిచింది. “ఇంట్లో చెప్పుల్లా ఉన్నాయక్కా. కాలికి తెలియడమే లేదు.”

“చూశావా, ఇంటిదగ్గర కూర్చునే ఎంత సాయం చేశారో వదిన,” అన్నాడు కెప్టెన్. “నీ సంచీ మాత్రం ఇంకా బరువుంది. ఇంకో రెండు మూడు వస్తువులు తీసెయ్యాలి.”

అత్తగారు చిన్నకోడలి కాళ్ళకున్న బూట్లని చూసింది. తర్వాత బల్ల కిందికి వంగి, పెద్దకోడలి వట్టి పాదాలని చూసింది. బుడిపెని, గోరు కొత్తగా మొలుస్తున్న బొటనవేలిని చూసింది. మెల్లగా నిటారుగా కూర్చుంది.

“మొత్తం దిగుడు దారే అన్నావు కదరా?” అని అడిగింది కొడుకుని.

“మొత్తం దిగుడేనమ్మా. కాళ్ళకి కష్టమే లేదు.”

“ఊఁ,” అంది ఆవిడ. కూర గిన్నె తీసుకుని పెద్దకోడలి పళ్ళెం పక్కకి జరిపింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ పళ్ళెం వైపు ఏదైనా జరపడం అదే మొదటిసారి. “వడ్డించుకో. వాళ్ళ సంచులు నువ్వే సర్దుతావు కదా?”

“నేనే సర్దుతాను అత్తయ్యా.” ఆమె కూర వడ్డించుకుంది. తోడికోడలి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. “ఆ మందపాటి సాక్సులు విప్పి ఇలా ఇవ్వు. రెండు జతలూ తీసేస్తున్నాను. సన్నవి పెడతాను, చాలు. మోసేటప్పుడు వాటి బరువూ బరువే.”